డాక్టర్ చదివి అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్తే చదువు వృథా అయినట్టేనా?

శిరీష_హెచ్ఎస్: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ హెల్త్ వైపు వెళ్తానంటే ఇంట్లో "ఇంత చదివి ఫైళ్ల మీద సంతకాలు పెడతావా" అంటున్నారు. నాకేమో ఓపీ ముందు ఆ లైను చూస్తే, వీళ్లలో చాలామందికి మండలంలోనే వైద్యం అందాల్సింది కదా అనిపిస్తుంది. మన దగ్గర డాక్టరై ఉండి వ్యవస్థనే మార్చినవాళ్లు ఉన్నారా? ఏం చేశారో కాస్త వివరంగా చెప్పండి.

కృష్ణాతీరం: ఎందుకు లేరమ్మా, గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు లేరూ! గుంటూరులో ఎంబీబీఎస్, తర్వాత అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ, అక్కడి నుంచి తిరిగొచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆపరేషన్లు బాగా చేసే సర్జన్లు ఇంకా ఉన్నారు గానీ, నాకు ఆయనలో నచ్చింది ఆసుపత్రికి రానివాళ్ల లెక్క తీయించడం. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10 వేల మందికి పైగా కళ్లు పరీక్షిస్తే, నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదని తేలింది. అందులో సగానికి మించి శుక్లాలు, అద్దాలతో సరిచేయగల లోపాలే! అంటే మందు ఉంది, డాక్టరూ ఉన్నాడు, మనిషే అక్కడిదాకా రాలేకపోతున్నాడు. దాన్ని మించిన అన్యాయం ఏముంటుంది చెప్పండి.

పాలమూరు పిల్లోడు: పై కామెంట్‌కి కొనసాగింపు. ఆయన పిరమిడ్ పద్ధతి చూడండి. అట్టడుగున సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్ (కళ్లు పరీక్షించే చిన్న కేంద్రం), 5 లక్షలకి ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి, 50 లక్షలకి పెద్దది, పైన హైదరాబాద్ కేంద్రం. విజన్ సెంటర్లో డాక్టర్ ఉండడు. ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులకే ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్‌గా పెడతారు. అలా శిక్షణ పొందిన అమ్మాయి ట్రయల్ ఫ్రేమ్‌లో (పరీక్షకి పెట్టే కళ్లజోడు) ఒక్కో గ్లాసు మారుస్తూ "ఇప్పుడు కనపడుతోందా పెద్దమ్మా, కింది వరుస చదువు" అని అడిగి నంబర్ రాస్తుంది, శుక్లం అనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతుంది. ఏ పని ఎవరు చేయొచ్చో, ఎక్కడ ఆపి పైకి పంపాలో గీత గీయాలంటే రోగం తెలిసినవాడే కావాలి, ఒట్టి మేనేజరు వల్ల కాదు.

సూర్యం_రిటైర్డ్: ఒప్పుకుంటాను గానీ, అది ట్రస్టు ఆసుపత్రి, చేతులు కట్టేసేవాళ్లు లేరు. సర్కారు దవాఖానాలో సీనియారిటీ వస్తే సూపరింటెండెంట్ అయిపోతారు, అప్పటిదాకా టెండరు కాగితం చూసి ఉండరు, ఒక్కసారిగా శానిటేషన్ కాంట్రాక్టు, మందుల ఇండెంట్లు (కావాల్సిన మందుల జాబితాలు), ఆక్సిజన్ లైను అన్నీ నెత్తిన పడతాయి. అందుకే చెబుతున్నా, శిరీష గారూ, వెళ్లండి, కానీ చదువుకుని వెళ్లండి. ప్రభుత్వ చట్రంలోనే పని చేసినవారు కావాలంటే కాకర్ల సుబ్బారావు గారి గురించి చదవండి. ఎన్టీఆర్ పిలిస్తే అమెరికాలో రేడియాలజిస్టుగా స్థిరపడిన మనిషి వచ్చి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి డైరెక్టర్‌గా కూర్చున్నారు, మామూలు విషయమా!

శిరీష_హెచ్ఎస్: అందరికీ థాంక్సండీ. సూర్యం గారూ, చదువుకుని అంటే ఏ కోర్సు?

కృష్ణాతీరం: ఢిల్లీ ఎయిమ్స్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లోనే ఎండీ ఉంది, దానికి ఐఎన్ఐ-సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జనం దగ్గరే పని చేయాలనుంటే కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ, లేదా హైదరాబాద్ ఐఐపీహెచ్‌లో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్. ఇంట్లోవాళ్లని ఒకసారి దగ్గర్లోని విజన్ సెంటర్‌కి తీసుకెళ్లండి, ముందు మీ అమ్మగారి కళ్లే పరీక్ష చేయించండి.