ఛారిటీ రైడ్‌లో గుంపుగా దూసుకెళ్లే బ్యాచ్‌లను ఆపాలా? తప్పు వెనక వచ్చేవాళ్లదా, ముందున్నవాళ్లదా?

ఆఖరి చక్రం:

పోయిన ఆదివారం ఒక ఛారిటీ రైడ్‌కి, అంటే విరాళాల కోసం అందరూ కలిసి సైకిల్ తొక్కే కార్యక్రమానికి, వెళ్లొచ్చాను. 80 కిలోమీటర్లు, వేల మంది జనం. నా వేగం గంటకు 17, మహా అయితే 18. సగం దారి దాటాక నా కళ్ల ముందు జరిగింది చెప్తాను.

నా ముందు ఒకావిడ వెళ్తున్నారు. తిన్నని హ్యాండిల్ ఉన్న మామూలు సైకిల్, ముందు బుట్ట కూడా ఉంది. వీపు మీద పిన్నులతో గుచ్చిన కాగితం, దాని మీద స్కెచ్ పెన్నుతో 'నాన్న కోసం' అని రాసుంది. రోడ్డు అంచు వెంటే తొక్కుతున్నారు. వెనక నుంచి ఎనిమిది మంది ఒకరి చక్రానికి ఒకరు అతుక్కుని వచ్చారు. మొదటివాడు "కుడి! కుడి!" అని అరిచాడు. ఆవిడ కంగారుపడి కుడికే తిరిగారు. మొదటివాడు తప్పించుకున్నాడు. రెండోవాడి భుజం ఆవిడ హ్యాండిల్‌కి తగిలింది. ఆవిడ మోచేతి మీద పడ్డారు, చెయిన్ ఊడిపోయింది. ఆ ఎనిమిది మందిలో ఆఖరివాడు ఒక్కడే వెనక్కి తిరిగి "సారీ" అని అరిచాడు, వెంటనే సీటు మీంచి లేచి గుంపును అందుకోవడానికి తొక్కుకుంటూ పోయాడు.

ఇలాంటి రైడ్‌లలో పేస్‌లైన్లు, అంటే ఇలా ఒకరి చక్రానికి ఒకరు అతుక్కుని పోయే వరుసలు, పూర్తిగా నిషేధించాలన్నది నా అభిప్రాయం. వెనక నుంచి వచ్చేవాడికి రెండు సైకిళ్లూ కనిపిస్తాయి. ముందున్నవాళ్లకి తమ హ్యాండిల్ తప్ప ఇంకేమీ కనపడదు. మరి జాగ్రత్త ఎవరిది?

గాలికెదురు:

ఆగకుండా పోవడం తప్పే. దాని మీద నాకు వాదన లేదు. మా బ్యాచ్‌లో ఎవడైనా ఆ పని చేస్తే మళ్లీ మాతో రానివ్వం.

కానీ నిషేధం అంటే ఒప్పుకోనండీ. ముందువాడి వెనక నక్కి తొక్కితే గాలి దెబ్బ తగ్గి, శ్రమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఆదా అవుతుంది. ఎదురుగాలిలో వంద కిలోమీటర్లు తొక్కినవాళ్లకి దాని విలువ తెలుసు. అది రేసువాళ్ల సోకు కాదు, అలసిపోయినవాణ్ణి ఇంటిదాకా చేర్చే పద్ధతి.

ఇంకోటి, ఎప్పుడూ మా మీదే ఎందుకు పడతారు? నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ రోడ్డంతా ఆక్రమిస్తారు. ఫొటో కోసం నడిరోడ్డు మీద టక్కున బ్రేక్ వేస్తారు. రెస్ట్ స్టాప్ బోర్డు కనపడగానే చెయ్యి చూపించకుండా అడ్డంగా కోసేస్తారు. నేను రెండుసార్లు పడ్డాను. రెండుసార్లూ నా ముందున్నది 'నెమ్మదిగా, జాగ్రత్తగా' వెళ్లేవాళ్లే.

విరాళాల సంగతీ చెప్పాలి. అమెరికాలో పాన్-మాస్ ఛాలెంజ్ 1980లో 36 మందితో మొదలైంది. ఇప్పుడు వేల మంది తొక్కుతున్నారు, ఒక్కో రైడర్ కనీసం ఇంత తేవాలని లెక్క ఉంటుంది, ఆ డబ్బు డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకి వెళ్తుంది. అలాంటి రైడ్‌లకి ఏటా తిరిగొచ్చే వాళ్లలో సీరియస్‌గా తొక్కేవాళ్లూ ఉంటారు. నేను చందా అడిగినప్పుడు నీ వేగం ఎంత అని ఎవరూ అడగలేదు.

మూడో గేరు:

ఆవిడ కుడికి ఎందుకు తిరిగారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటి రైడ్‌లో నేనూ అదే చేశాను. వెనక నుంచి ఎవరో గట్టిగా 'కుడి' అంటే నన్ను కుడికి జరగమంటున్నారనే అనుకున్నా! 'నేను నీ కుడి పక్క నుంచి వస్తున్నాను' అని దానర్థమని ఎవరూ చెప్పలేదు. పైగా అరుపు ఎటు నుంచి వస్తే మెడ అటే తిరుగుతుంది, మెడ తిరిగితే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. కుడి వైపు నడిచే దేశాల్లో ఇదే అరుపు 'ఎడమ' అవుతుందట. అక్కడి కొత్తవాళ్లు ఎడమకి తిరుగుతూ ఉంటారు కాబోలు.

టింగుటింగు:

బెల్లు అనే వస్తువు ఒకటుందండీ. బరువెక్కువని దాన్ని పీకేసినవాళ్లు ముప్పై గ్రాములు మిగుల్చుకుని, ఆ మిగిలిన ఓపికంతా అరవడానికి ఖర్చు పెడుతున్నారు.

బెల్లుకి కుడీ ఎడమా ఉండవు. 'వెనక ఎవరో ఉన్నారు' అని మాత్రమే చెప్తుంది. ముందున్న మనిషికి కావలసిందీ అంతే.

రెండు పెడళ్లు:

బెల్లు కొట్టినా ఏం లాభం? సగం మంది రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నిషేధించాలంటే ముందు వాటిని నిషేధించండి.

పాత ట్యూబు:

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి రైడ్‌లకి మార్షల్‌గా, అంటే దారిలో రైడర్లని చూసుకునేవాడిగా, వెళ్తున్నాను. పడినవాళ్లని లేపింది నేనే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు లెక్క చూద్దాం. ఆవిడ వేగం 17, వాళ్లది 35 అనుకుందాం. తేడా 18, అంటే సెకనుకి 5 మీటర్లు. పది మీటర్ల దూరం నుంచి అరిస్తే ఆవిడకి దొరికేది 2 సెకన్లు. అందులో వినాలి, అర్థం చేసుకోవాలి, నిర్ణయించుకోవాలి. అనుభవం ఉన్నవాడికే అది చాలీచాలని టైమ్. ఇక ఎనిమిది సైకిళ్లు అరమీటరు ఎడంతో వస్తే ఆ వరుస పొడవు సుమారు 17 మీటర్లు. అది ఆవిడని పూర్తిగా దాటడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. ఆ మూడున్నర సెకన్లూ ఆవిడ గీత గీసినట్టు తిన్నగా పోతేనే అందరూ క్షేమం. గుంతను తప్పించినా, గాలి తోసినా, నీళ్ల సీసా జారినా అంతే సంగతులు.

వరుసలో మూడోవాడి నుంచి వెనక ఉన్నవాళ్లకి రోడ్డు కనపడదని బయటివాళ్లకి తెలియదు. వాళ్లకి కనపడేది ముందువాడి నడుము, వెనక చక్రం. ముందువాడు సైగ చేస్తేనే గుంత ఉన్నట్టు. క్లబ్ రైడ్‌లో అందరికీ ఒకే భాష తెలుసు కాబట్టి అది నడుస్తుంది. వేల మంది కొత్తవాళ్ల మధ్య నడవదు. పైగా ఎవరి ముందు చక్రమైనా ముందువాడి వెనక చక్రాన్ని రాసుకుంటే దాదాపు ఎప్పుడూ పడేది వెనకవాడే. సైకిల్‌ని నిలబెట్టేది ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ చేసే సర్దుబాటు. అది ఇరుక్కున్న క్షణం నుంచి చేతిలో ఏమీ ఉండదు. ఒకడు పడితే వాడి వెనక ముగ్గురు పడతారు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు ఎప్పుడో జవాబు రాసి పెట్టుకున్నారు. వాళ్ల అంతర్జాతీయ సమాఖ్యకి 10 ప్రవర్తనా నియమాలున్నాయి. వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాడికి ప్రమాదం లేని దారి ఎంచుకోవాలి. దాటేటప్పుడు, ముందున్న మనిషి కావాలని కదిలినా, అనుకోకుండా కదిలినా సరిపోయేంత చోటు వదలాలి. ఆ 'అనుకోకుండా' అన్న మాట నాకు చాలా నచ్చింది. ముందున్నవాళ్లు తప్పు చేస్తారని ముందే లెక్కలో వేసుకుని దాటాలన్నమాట.

గాలికెదురు:

పాత ట్యూబు గారూ, స్కీయింగ్ వేరు, రోడ్డు వేరు. కొండ వాలంతా ఎటు పడితే అటు తిరిగే ఆటలో ఆ నియమం సరే. రోడ్డు మీద ముందున్నవాడికి కూడా తిన్నగా పోవలసిన బాధ్యత ఉంది. ఆవిడ పక్కకి తిరగకపోతే ఏమీ జరిగేది కాదు కదా.

ఆఖరి చక్రం:

బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 2022 జనవరిలో కొత్తగా ఒక నియమం చేర్చారు. గుద్దుకుంటే ఎవరి వల్ల ఎక్కువ హాని జరుగుతుందో, ప్రమాదాన్ని తగ్గించే బాధ్యత వాళ్లకే ఎక్కువ. 35లో వచ్చే ఎనిమిది మందికీ, 17లో పోయే ఒక్క మనిషికీ మధ్య ఎవరి వల్ల ఎక్కువ హాని?

గాలికెదురు:

మీరు చెప్పింది నాకూ తెలుసు. అది లారీకీ కారుకీ, కారుకీ సైకిల్‌కీ, సైకిల్‌కీ నడిచేవాళ్లకీ మధ్య వరస. రెండు సైకిళ్ల మధ్య ఎవరు పెద్ద అని అందులో లేదు. నడిచేవాళ్లతో సహా అందరూ తమ భద్రత, ఎదుటివాళ్ల భద్రత చూసుకోవాలని కూడా అదే నియమంలో ఉంది. సగం చదివి వాదించకండి.

ఆఖరి చక్రం:

సరే, ఆ సగం ఒప్పుకుంటాను. రెండు సైకిళ్ల గురించి అందులో లేదు. కానీ ఆవిడ 'తిరగకపోతే' అన్నారే, ఆవిడ తానుగా తిరగలేదు. మీవాడి అరుపు తిప్పింది.

మూడో గేరు:

నిజం చెప్పనా, నాకు స్పీడ్ బ్యాచ్‌లంటే అంత భయం లేదు. వాళ్లు ఎడంగా పోతే చాలు, చూడ్డానికి బాగుంటుంది కూడా. నాకు టెన్షన్ అంతా ఎత్తు ఎక్కేటప్పుడే. వెనకవాళ్లు ఊపిరాడక ఆయాసపడుతూ "దిగకు, దిగకు, ఆగితే మేమంతా ఆగాలి" అని కేకలేస్తారు. కాళ్లు లాగేస్తుంటే ఎలా దిగకుండా ఉంటాం?

పాత ట్యూబు:

దిగండి, నిక్షేపంగా దిగండి. లండన్ నుంచి బ్రైటన్‌కి 54 మైళ్ల ఛారిటీ రైడ్ ఉంది, గుండె జబ్బుల పరిశోధన కోసం. దాని చివర్లో డిచ్లింగ్ బీకన్ అనే ఎత్తు వస్తుంది. అక్కడ దిగి నడిచేవాళ్లు బోలెడంత మంది. నడవడం తప్పు కాదు. ఎక్కడ దిగామన్నదే ముఖ్యం. గేరు ఇక సరిపోదని తెలిసినప్పుడే, సైకిల్ ఇంకా కదులుతుండగానే అంచుకి జరిగి దిగాలి. నడిరోడ్డు మీద ఆగి పక్కకి ఒరిగిపోతేనే వెనకవాళ్లకి ప్రాణాంతకం. ఎత్తు మొదలవకముందే చిన్న గేరులోకి మార్చుకుంటే సగం గొడవ తప్పుతుంది. బరువంతా పడ్డాక మారిస్తే చెయిన్ ఊడుతుంది, అప్పుడు తిట్లు తప్పవు.

గాలికెదురు గారికి కూడా ఒక మాట. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి నిలబడేవాడి సైకిల్ ఒక్క క్షణం వెనక్కి వచ్చినట్టవుతుంది. మీ బ్యాచ్‌లో వెనకవాడికి ఆ సంగతి తెలుసు. మీకు తెలియని మనిషి వెనక మీరు నక్కితే ఆయనకి మీరున్నట్టే తెలియదు. అడక్కుండా ఎవరి చక్రం వెనకా నక్కకండి.

రెండు పెడళ్లు:

వేగం బట్టి వేరే వేరే బ్యాచ్‌లుగా వదిలితే ఈ గొడవంతా ఉండదు కదా? నిషేధాలెందుకు?

పాత ట్యూబు:

వదులుతారండీ, చాలా చోట్ల వదులుతారు. వేగంగా వెళ్లేవాళ్లని ముందు వదిలితే నిజంగానే తేడా కనిపిస్తుంది. వెనక వదిలితే వాళ్లు దారిలో ఉన్న ప్రతి ఒక్కరినీ దాటుకుంటూ పోవాలి, అంతకంటే తెలివితక్కువ పని లేదు. చిక్కేంటంటే ఫారంలో ఎవరి వేగం వాళ్లే రాస్తారు. 20 తొక్కేవాడు 28 అని రాస్తాడు. 35 తొక్కేవాడు స్నేహితుడి కోసం ఆలస్యంగా బయల్దేరి, పది కిలోమీటర్లయ్యాక విసుగొచ్చి స్నేహితుణ్ణి వదిలేస్తాడు. మొదటి రెస్ట్ స్టాప్ దగ్గర అందరూ మళ్లీ కలిసిపోతారు. ఆ తర్వాత ఎవరికి వారే యమునా తీరే.

గాలికెదురు:

ఆ వదిలేసే స్నేహితుణ్ణి నేనే. చాలాసార్లు.

సరే, నా మాట కొంచెం మారుస్తాను. మొత్తం నిషేధం ఇప్పటికీ వద్దంటాను. రోడ్డు ఖాళీగా ఉన్నచోట, ఒకరికొకరు తెలిసిన నలుగురు వరుసగా పోతే ఎవరికీ నష్టం లేదు. ఎనిమిది మంది మాత్రం ఎక్కువే. ముందు జనం కనపడగానే వరుస విడగొట్టి, వేగం తగ్గించి, ఒక్కొక్కరుగా చేయి చాపినా తగలనంత ఎడంగా దాటాలి. చోటు లేకపోతే దాటకూడదు. అరుపులు మానేసి "నమస్తే అండీ, అలాగే తిన్నగా వెళ్లండి, నేను పక్క నుంచి వస్తున్నా" అనాలి. పొడుగు మాటే గానీ, అంత పొడుగు మాట చెప్పాలంటే వేగం ఎలాగూ తగ్గించాల్సిందే.

ఆఖరి చక్రం:

నేను నిషేధం దగ్గరే ఉన్నాను. మీలాంటివాళ్లు జనం చూసి వరుస విడగొడతారు, విడగొట్టనివాళ్ల కోసమే నియమం. అయితే రోడ్డంతా పరుచుకుని కబుర్లు చెప్పే నలుగురిలో పోయినేడాది నేనూ ఒకదాన్ని. అది మాత్రం రాసుకోండి.

ఆవిడ సంగతి అడిగారొకరు మెసేజ్‌లో. చెయిన్ నేనే ఎక్కించాను, మోచేయి కడిగాం, రైడ్ పూర్తి చేశారు. దారంతా "నేను అడ్డం వచ్చానేమో పాపం, వాళ్లకేం దెబ్బ తగల్లేదు కదా" అని అడుగుతూనే ఉన్నారు.

మూడో గేరు:

పాత ట్యూబు గారూ, ఒక్కటి చెప్పండి. వెనక్కి చూడమంటారు అందరూ. నేను వెనక్కి చూస్తే సైకిల్ కూడా అటే పోతుంది. ఎలా?

పాత ట్యూబు:

ఖాళీ చోట సుద్దముక్కతో యాభై అడుగుల గీత గీయండి. గీత మీద నెమ్మదిగా తొక్కండి. ఎటు చూడాలో ఆ వైపు చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి తొడ మీద పెట్టుకోండి. చెయ్యి హ్యాండిల్ మీద లేకపోతే భుజం తిరిగినా హ్యాండిల్‌ని లాగదు. ఇప్పుడు గడ్డాన్ని భుజం మీద ఆనించినట్టు తిప్పండి. ఒక్క సెకను చాలు. వెనక ఎవరినైనా నిలబెట్టి వేళ్లు చూపించమనండి, ఎన్ని వేళ్లో మీరు చెప్పాలి. రెండో చెయ్యి బిగించకండి.

మూడో గేరు:

సాయంత్రం చేశాను. మూడు వేళ్లని సరిగ్గానే చెప్పాను, గీతకి మాత్రం రెండడుగులు పక్కకి వెళ్లిపోయాను. రేపు మళ్లీ.