బందరు నుంచి వచ్చే అమ్మానాన్నలతో నెదర్లాండ్స్‌లోని ఐసెల్‌మేర్ సరస్సులో తెరచాప ఓడ ప్రయాణం: సలహాలు కావాలి

ప్రశ్న (ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి):
అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్నలు బందరు నుంచి వస్తున్నారు. నాన్నగారు పుట్టి పెరిగింది వలందపాలెంలో, ఓడలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఎంక్‌హౌజన్ నుంచి పాతకాలపు తెరచాప ఓడల మీద రేవు నుంచి రేవుకి రెండు మూడు రోజులు తిప్పుతారని విన్నాను. నాన్నగారికి 68, బీపీ ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి. తట్టుకోగలరా? ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (హోర్న్ నుంచి):
తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే ఫొటోలో అందం చూసి కాదు, అమ్మగారి మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఓడని ఎంచుకోండి. వీటిలో చాలావరకు వందేళ్ళ నాటి సరుకు ఓడలు. ఒకప్పుడు సరుకు నింపిన అడుగు భాగాన్నే ఇప్పుడు గదులుగా మార్చారు. అందుకే కిందికి దిగే మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, మెట్ల వైపు ముఖం పెట్టి వెనక్కి దిగాలి. గదిలో ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, మూలన చిన్న సింకు. బాత్‌రూమ్‌లు మాత్రం చాలా ఓడల్లో అందరికీ కలిపే. రాత్రి రెండుసార్లు లేచే వయసు వాళ్ళకి అసలు ఇబ్బంది ఇదే, అలలు కాదు. బుక్ చేసేముందు మూడు సంగతులు రాసి అడగండి: మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, పడకల అంతస్తులోనే టాయిలెట్ ఉందా. ఫొటోలు పంపమంటే పంపుతారు.

సిబ్బంది సాధారణంగా కెప్టెన్, ఒక సహాయకుడు, అంతే. తెరచాప ఎత్తేది మనమే. రెండు తాళ్ళ దగ్గర రెండు జట్లుగా నిలబడి, సహాయకుడు కేకేసిన లెక్కకి లాగుతాం. నాన్నగారికి ఇదే పండగ. తాడుని చేతికి మాత్రం చుట్టుకోవద్దని ఆయనకి ముందే చెప్పండి. గాలి ఒక్కసారి గుంజిందంటే వేళ్ళు పోతాయి. అమ్మగారు తాడు ముట్టుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, డెక్ మధ్యలో బెంచీ ఉంటుంది. చీర కాకుండా చుడీదార్, జారని బూట్లు, జూన్ అయినా సరే గాలి ఆపే జాకెట్. చాలా ఓడల్లో దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, అదీ అడగండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. తిండి సంగతి? అమ్మ బయట గుడ్డు కలిసినదేదీ ముట్టదు. ఇంకోటి, వాంతులు అవుతాయా?

జవాబు (హోర్న్ నుంచి):
విడిగా టికెట్ కొనుక్కుంటే చాలా ఓడల్లో భోజనం వాళ్ళే పెడతారు, కానీ వాళ్ళ శాకాహారంలో గుడ్డు, చీజ్ తప్పవు. అందుకని నా మాట వింటే, ఇక్కడి మన తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ఓడ మొత్తం అద్దెకి తీసుకోండి. అప్పుడు వంటగది మనదే. గ్యాస్ పొయ్యి, పెద్ద గిన్నెలు ఉంటాయి. ఎలక్ట్రిక్ కుక్కర్ మీద ఆధారపడకండి, రేవులో కట్టేసినప్పుడే కరెంటు ధారాళంగా ఉంటుంది. అన్నం గిన్నెలో వార్చుకోవడమే. పులిహోర, దద్దోజనం మధ్యాహ్నానికి సరిపోతాయి. పొయ్యి మీద చారు మరిగించాలంటే ఓడ రేవులో ఆగాకే, నడిచే ఓడలో వద్దు.

అలల విషయం. 1932లో 32 కిలోమీటర్ల ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే ఆనకట్ట కట్టి పాత సముద్రపు పాయని మూసేశారు కాబట్టి ఐసెల్‌మేర్ ఇప్పుడు మంచినీటి సరస్సు, ఆటుపోట్లు లేవు. కానీ లోతు తక్కువ, అందుకే గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. డెక్ మధ్యలో కూర్చుని దూరంగా ఒడ్డు వైపు చూస్తూ ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. అవోమిన్ లాంటి మాత్రలు మగత తెస్తాయి, నాన్నగారు బీపీ మందులు వాడుతున్నారు కాబట్టి డాక్టర్ని అడగకుండా వేయొద్దు.

మరొకరు (గ్రోనింగెన్ నుంచి):
అన్నా, హార్లింగెన్ నుంచి ఆటుపోట్లు ఉండే వాడెన్ సముద్రంలోకి వెళ్తే ఇంకా బావుంటుంది కదా? పోటు తగ్గాక ఓడ ఇసుక మీదే కూర్చుంటుంది, దిగి నడవచ్చు.

జవాబు (హోర్న్ నుంచి):
నిజమే తమ్ముడూ, అది చూడాల్సిందే. ఈ ఓడలకి అడుగు చదునుగా ఉంటుంది, అడుగున లోతుగా దిగే కీల్ పలక బదులు రెండు పక్కలా పెద్ద చెక్క పలకలు వేలాడతాయి. అందుకే ఒరిగిపోకుండా ఇసుక మీద కూర్చోగలవు. కానీ దిగాలంటే పక్కన వేసిన నిచ్చెనే దారి, ఆ తర్వాత బురద. ఆ మోకాళ్ళతో వద్దు.

భద్రత గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. 2016 ఆగస్టులో హార్లింగెన్ దగ్గరే ఒక ఓడ మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగి పడి ముగ్గురు జర్మన్ ప్రయాణికులు చనిపోయారు. లోపల చెక్క కుళ్ళిపోయిందని విచారణలో తేలింది. అందుకని ఓడ సర్టిఫికెట్ ఇప్పటికీ చెల్లుతుందా, మాస్ట్, తాళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని మొహమాటపడకుండా అడగండి. చిరాకుపడితే ఇంకో ఓడ చూసుకోండి. తెరచాప కింది దూలం తిరిగే చోట పిల్లల్ని నిలబెట్టకండి. గాలి ఎక్కువైతే కెప్టెన్ రేవు దాటడు, అప్పుడు బతిమాలొద్దు.

మరొకరు (రోటర్‌డామ్ నుంచి):
తాళ్ళు లాగే ఓపిక లేదు, గదిలోనే బాత్‌రూమ్ కావాలి అనుకుంటే రాయల్ క్లిప్పర్ లాంటి పెద్ద తెరచాప క్రూయిజ్ ఓడలు ఉన్నాయి. అయిదు మాస్టులు, 42 తెరచాపలు. అయితే మాంటెనెగ్రోలోని కోటోర్‌లో ఆగే రూటు తీసుకుంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) దాటి మళ్ళీ లోపలికి రావాలి. అమ్మానాన్నలది సింగిల్ ఎంట్రీ వీసా అయితే అక్కడే చిక్కు. క్రొయేషియాతో ఆ బాధ లేదు, 2023 నుంచి అదీ షెంగెన్‌లోనే ఉంది.

అడిగినవారు:
వాళ్ళది సింగిల్ ఎంట్రీనే. అయితే ఐసెల్‌మేరే ఖాయం. ఏ ఊళ్ళు?

జవాబు (హోర్న్ నుంచి):
ఎంక్‌హౌజన్, మెడెంబ్లిక్, స్తావొరెన్, హిండెలోపెన్. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి ఎంక్‌హౌజన్‌కి నేరుగా రైలు ఉంది, గంట. స్టేషన్ దిగితే ఎదురుగా రేవే, అమ్మగారు పెట్టెతో నడవక్కర్లేదు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలు, అందులో ఎంక్‌హౌజన్ ఒకటి, మా హోర్న్ ఒకటి. కంపెనీ గిడ్డంగిగా వాడిన పెపర్‌హౌస్ ఇప్పటికీ ఉంది, జూయిడర్‌జీ మ్యూజియంలో భాగం. ఆ కంపెనీ మనుషులే 1605లో బందరులో దిగింది. బందరులో వాళ్ళ సమాధులు నాన్నగారు చూసే ఉంటారు.

మిగతా ఊళ్ళు గాలిని బట్టి తప్పిపోయినా ఫర్వాలేదు, హిండెలోపెన్ మాత్రం వదలొద్దని కెప్టెన్‌కి మొదటి రోజే చెప్పండి. చిన్న ఊరు, రేవు నుంచి మ్యూజియంకి నడిచి వెళ్ళొచ్చు. అక్కడి ఆడవాళ్ళు వేసుకున్న పాత పొడుగు కోట్లు ఉంటాయి. మన తూర్పు తీరంలో, అంటే కోరమాండల్‌లో అద్దిన నూలు గుడ్డ, మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు, నీలిమందు నీలం, తీగలు తీగలుగా పూలు. రంగు ఇంకా చెక్కు చెదరలేదు. ఆ కోట్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను. పెడన అద్దకం చూసిన కళ్ళకి ఆ పూలు పరిచయమైనవే. అమ్మగారికి కూర్చునే చోటు చూసి, తొందరపెట్టకుండా చూడనివ్వండి. తెరిచే వేళలు ముందే చూసుకోండి, గాలి ఆలస్యం చేస్తే సాయంత్రానికి మూసేస్తారు. కెప్టెన్‌తో ఆ రాత్రి అక్కడే కట్టేద్దామని మాట్లాడుకుంటే, మర్నాడు పొద్దున్న తీరిగ్గా వెళ్ళొచ్చు.