ఎదురెదురుగా 80లో గుద్దుకుంటే, 160లో గోడను గుద్దినట్టేనా?

కావలి కుర్రోడు:
ఒంగోలు నుంచి కావలికి వస్తుంటే హైవే మీద రాంగ్ రూట్లో ఒక కారు ఎదురొచ్చింది. తప్పించుకున్నాం. ఇక అప్పటి నుంచి ఇంట్లో ఒకటే గొడవ. "మనం 80, వాడు 80. తగిలుంటే 160లో గోడను గుద్దినట్టే" అంటాడు మా బావ. "కాదు, 80లో గోడను గుద్దినట్టే" అంటుంది మా చెల్లెలు. నా ఓటు బావకే. ఎదురెదురుగా వచ్చేవాటి వేగాలు కలపాలని బళ్లోనే చెప్పారు కదా! కలపకూడదనే వాళ్లు ఎందుకో చెప్పండి. రెండు కార్లూ ఒకే మోడల్, ఒకే బరువు అనుకుందాం.

పెన్నా గట్టు:
మీ బావే కరెక్ట్. రైల్లో కిటికీ పక్కన కూర్చుని చూడండి. ఎదురు రైలు కన్ను మూసి తెరిచేలోగా దాటిపోతుంది. అదే పక్క పట్టాల మీద మనతో సమానంగా వచ్చే రైలయితే నిలబడిపోయినట్టు ఉంటుంది. ఇందులో చర్చకేముంది?

రిటైర్డ్ లెక్చరర్, నెల్లూరు:
చర్చ ఉంది బాబూ. ఒక కారుకు రెండోది 160 వేగంతో దగ్గరవుతోంది, అది నిజమే. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. తగాదా అంతా ఆ గోడ దగ్గర.

మీ కారుకు ఏం జరిగిందో మాత్రమే చూడండి. ఒకే రకం కార్లు కాబట్టి రెండూ తగిలిన చోటే ఆగిపోతాయి. అంటే మీ వేగం 80 నుంచి సున్నాకు వచ్చింది. 80లో గోడను కొట్టినా 80 నుంచి సున్నాకే వస్తుంది, ముందు భాగం నలిగేది కూడా అంతే. దెబ్బ తగిలేది ఎదుటివాడి వేగాన్ని బట్టి కాదు. మీ వేగం ఎంత మారింది, ఎంత తక్కువ సమయంలో మారింది, దాన్ని బట్టి.

శక్తి లెక్క కావాలా? టన్ను బరువున్న కారు 80లో వెళ్తే దాని గతిశక్తి సుమారు 247 కిలోజౌళ్లు. రెండు కార్లకు కలిపి 494. అది రెండు బండ్లూ నలగడానికి చెరి సగం పోతుంది. 160లో ఒక్క కారు గోడను కొడితే 988, అంతా ఆ ఒక్క కారు మీదే. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లు అవుతుంది మరి.

బావ పార్టీ:
సార్, మీరు జారుకుంటున్నారు. చలనం సాపేక్షం అంటే ఎవరి వైపు నుంచి చూసినా సూత్రాలు ఒకటే కదా? సరే, నేను కదలడం లేదనుకుంటాను. అప్పుడు ఎదుటి కారు 160లో వచ్చి ఆగి ఉన్న నన్ను కొడుతోంది. మరి ఆ 160 దెబ్బ ఎక్కడికి పోయింది?

రిటైర్డ్ లెక్చరర్, నెల్లూరు:
ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే. మీరన్నట్టే చూద్దాం. మీరు ఆగి ఉన్నారు, అతను 160లో వచ్చాడు. కానీ మీరు గోడ కాదు, భూమిలోకి పాతుకుని లేరు. కొట్టగానే మీరు వెనక్కి కదులుతారు. ఒకే బరువు కాబట్టి రెండు కార్లూ కలిసి 80తో పోతాయి. మీ వేగం సున్నా నుంచి 80 అయింది, అతనిది 160 నుంచి 80కి తగ్గింది. ఇద్దరికీ మార్పు 80. రోడ్డు మీద నిలబడి చూసినా అదే లెక్క.

కాబట్టి మీ బావగారి మాటలో 'గోడ' తీసేసి 'బ్రేకు వేయకుండా ఆగి ఉన్న అలాంటి కారు' అని పెడితే సరిపోతుంది. 1632లోనే గెలీలియో చెప్పాడు: నిదానంగా, సమవేగంతో పోయే ఓడ లోపలి గదిలో కూర్చున్నవాడికి ఓడ కదులుతోందో ఆగిందో ఏ ప్రయోగంతోనూ తెలియదు. మీరు వాడుకున్నది ఆ సూత్రాన్నే. గోడ వెనక భూమి మొత్తం ఉందన్న సంగతి వదిలేశారు, అంతే.

చీమకుర్తి లోడు:
ఒకే మోడల్, ఒకే బరువు అనేది కాగితం మీద బాగుంటుంది. హైవే మీద కారుకు ఎదురయ్యేది గ్రానైట్ లోడు లారీ. దానికి చెప్పండి లెక్క.

చెల్లెల్ని నేనే:
చెప్తానన్నా. కారు టన్ను, లోడుతో లారీ 20 టన్నులు, రెండూ 80లో ఉన్నాయనుకోండి. గుద్దుకుని ఇరుక్కుపోతే, 20×80లోంచి 1×80 తీసేసి 21తో భాగించాలి. సుమారు 72 వస్తుంది. అంటే లారీ తన దారిన 72తో పోతూనే ఉంటుంది, కారును వెనక్కి నెట్టుకుంటూ. లారీ వేగంలో మార్పు 8 కూడా ఉండదు. కారు వేగంలో మార్పు 152. అక్కడ మా బావ చెప్పిన 160 దాదాపు వచ్చేసినట్టే. లారీ, కదిలి వచ్చే గోడ లాంటిదే. ఆటో, బైకు సంగతి వేరే చెప్పాలా!

పెన్నా గట్టు:
అమ్మాయి లెక్క బాగుంది. కానీ బెల్టు పెట్టుకుని, ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఇవన్నీ ఎందుకు? వెనక సీటులో ఉన్నవాళ్లకయితే ఏ టెన్షనూ లేదు, ముందు సీటే ఆపుతుంది.

చెల్లెల్ని నేనే:
ఆ సీటులో మనిషి ఉంటాడు కదండీ! కారు ఆగినా వెనకాయన జడత్వం వల్ల 80తోనే ముందుకు వస్తాడు. 80 అంటే సెకనుకు 22 మీటర్లు, 25 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే వేగం. బెల్టు ఉంటే కారు ముందు భాగం నలుగుతున్నంతసేపూ కారుతో పాటే తగ్గుతూ వస్తాడు. లేకపోతే కారు ఆగిపోయాక సీటుకు తగిలి క్షణంలో ఆగాలి. వేగంలో మార్పు అంతే, సమయమే తక్కువ, అందుకే దెబ్బ ఎక్కువ. వెనక సీటు బెల్టుకూ రూలు ఉంది, లేకపోతే 1,000 రూపాయల జరిమానా.

చీమకుర్తి లోడు:
ఆ వెనక సీటు మనిషి స్థానంలో మాకు రాయి ఉంటుందమ్మా. గ్రానైట్ ఘనమీటరు రెండున్నర టన్నుల పైమాటే. సడన్ బ్రేకు వేస్తే లారీ ఆగుతుంది, రాయి క్యాబిన్ మీదికి వస్తుంది. గొలుసు వదులుగా ఉంటే ఇంకా మోసం. రాయి జారి కొంత వేగం అందుకున్నాక గొలుసు ఒక్కసారిగా బిగుసుకుని తెగుతుంది. అందుకే కదిలే సందు లేకుండా బిగించి, ముందు అడ్డం కూడా పెట్టాలి. కారు వాళ్లు మా ముందుకు కట్ కొట్టి బ్రేకు వేసేటప్పుడు, మేం బ్రేకు ఎందుకు గట్టిగా తొక్కమో ఇప్పుడైనా అర్థమయిందా?