పాత డీజిల్ పికప్ కొన్నాను, ముందు లిఫ్ట్ వేయించాలా, టైర్లు మార్చాలా?

కొత్తబురద:
అందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో డబుల్ క్యాబ్ డీజిల్ పికప్ తీసుకున్నాను. 2.8 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక లీఫ్ స్ప్రింగులు, కావాలన్నప్పుడు మాత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకునే రకం. వారమంతా ఆఫీసుకి ఇదే బండి, సెలవు దొరికితే కొండదారులు, వాగులు, ఇసుక.

చేయించాలనుకుంటున్నవి చాలానే ఉన్నాయి. 3 అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచడం), 285/70 ఆర్17 టైర్లు (ఇప్పుడున్నవి 265/65 ఆర్17), స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (ఇంజిన్‌కి పై నుంచి గాలి అందించే గొట్టం), టాప్ మీద టెంట్, వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్ బ్యాగులు (బరువు మోయడానికి గాలి నింపే సంచులు), ఆఖర్న రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం). అన్నీ ఒకేసారి పెట్టే స్తోమత లేదు. వర్క్‌షాప్ అతనేమో "ముందు లిఫ్ట్ వేసేద్దాం సార్, మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. ఏది ముందు, ఏది వెనక?

ఇంకో చిన్న విషయం. పాత ఓనరు బండిని నీళ్ళలో బాగానే దింపినట్టున్నాడు, సీటు పట్టాల కింద ఎండిన బురద కనిపించింది. టెన్షన్ పడాల్సిందేనా?

పాతడీజిల్:
తమ్ముడూ, ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టు. చిన్న విషయం అన్నావు చూడు, అసలు కథ అదే. బూట్లకంటిన మట్టి కార్పెట్ మీద రాలుతుంది కానీ పట్టాల కిందకి పోదు. బోల్టుల చుట్టూ సన్నగా ఒండ్రులా పేరుకుందంటే అది నీళ్ళతో వచ్చిందే. నీళ్ళు సీటు దాకా వచ్చాయంటే కింద డిఫరెన్షియళ్ళు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండ్లు), గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) అన్నీ మునిగినట్టే.

చాలా దూరం నడిచి కాలిపోతున్న డిఫరెన్షియల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ లోటు ఎక్కణ్ణుంచో పూడ్చుకోవాలి కాబట్టి పీలుస్తుంది. దానికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం సరిగ్గా ఉంటే పై నుంచి గాలి వస్తుంది, ఊడిపోయి ఉంటే నేరుగా నీళ్ళే, కొన బురదతో పూడుకుపోతే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు. స్నార్కెల్ ఉన్నా దీనికి పనికిరాదు, అది ఇంజిన్ ఊపిరి సంగతి మాత్రమే చూస్తుంది.

రాత్రంతా బండిని కదపకుండా ఉంచి పొద్దున్నే చూడు. డిఫరెన్షియల్‌కి ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ మొదట విప్పు, అది వచ్చాకే ఆయిల్ ఒంపే డ్రెయిన్ ప్లగ్ జోలికి పో. నేను ఒకసారి ఆయిలంతా ఒంపేశాక చూస్తే ఫిల్లర్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది, ఆదివారం సాయంత్రం, బండి జాకీల మీద, షాపులన్నీ మూసేశారు. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు కాబట్టి విడిగా ఉంటే ముందు అవే కారతాయి, కలిసిపోయి ఉంటే ఆయిల్ పాలు పోసిన కాఫీలా కనిపిస్తుంది.

డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది, అదీ వదిలి చూడు. ఇంజెక్టర్లకి డీజిల్ అందించే ఇప్పటి కామన్ రైల్ పంపులు 2,000 బార్ దాకా ఒత్తిడి పుట్టిస్తాయి, వాటికీ ఇంజెక్టర్లకీ కందెన ఆ డీజిలే. అందులో నీళ్ళు చేరితే ఏమవుతుందో, ఎంత ఖర్చవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

లీఫ్‌స్ప్రింగ్:
పెద్దాయన చెప్పినదానికి తిరుగులేదు. నేను టైర్ల లెక్క చెప్తా. 265/65 ఆర్17 ఎత్తు దాదాపు 776 మిల్లీమీటర్లు, 285/70 ఆర్17 ఎత్తు 831. తేడా 55, అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లు, వెనక యాక్సిల్ నేల నుంచి పైకి లేస్తుంది. లిఫ్ట్ వేస్తే మాత్రం బాడీ, ఛాసిస్ లేస్తాయి తప్ప వెనక డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. రాయి తగిలేది ముందు దానికే.

కానీ 831 కూడా ఊరికే రాదు. చుట్టుకొలత 7 శాతం పెరుగుతుంది, మీటర్లో 100 కనిపిస్తే నిజంగా పోతున్నది 107. గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కుతాయి, ఏటవాలు రాళ్ళ మీద ఫస్ట్ గేర్లో పాకించేటప్పుడు క్లచ్ వాసన నీకే వస్తుంది. రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి నా మాట 265/70, ఎత్తు 803, తేడా మూడున్నర శాతం లోపే. చాలా పికప్‌లలో ఏమీ కోయకుండా పట్టేస్తుంది, అయినా స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందేమో చూసుకో.

3 అంగుళాలు మాత్రం వద్దు బ్రో. ముందు చక్రాలని తిప్పే సీవీ జాయింట్లు ఎప్పుడూ వంకరగా తిరుగుతూ వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వాలే కోణం) అలైన్‌మెంట్‌కి లొంగదు, చక్రాన్ని పైన పట్టి ఉంచే కొత్త అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌ల ఖర్చు మీద పడుతుంది. 2 అంగుళాల దగ్గర ఆగిపో. మీ దగ్గర రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ రూల్స్ ఎంతవరకు ఒప్పుకుంటాయో కూడా ముందే కనుక్కో.

గట్టుదాటేవాడు:
లిఫ్ట్‌ని మరీ తీసిపారేయకండి. డబుల్ క్యాబ్ పికప్ పొడుగు బండి, హైలక్స్‌నే తీసుకుంటే వీల్‌బేస్ 3,085 మిల్లీమీటర్లు. గట్టు ఎక్కి దిగేటప్పుడు మధ్యలో పొట్ట ఆనుకుని నాలుగు చక్రాలూ తేలిపోతాయి. లిఫ్ట్ లేకుండా రెండేళ్ళు తిరిగాను, ప్రతి ట్రిప్‌లో ఒకసారైనా పారతో తవ్వుకున్నాను. వేసింది 2 అంగుళాలే, ఆ తర్వాత పార బయటికి తీసింది బహుశా రెండుసార్లు. ముందు టైర్లే, ఆ మాటకి నేనూ సరే అంటా.

ఇసుకలో మాత్రం లిఫ్టూ వద్దు, ఖరీదైన టైరూ వద్దు. గాలి 18 పీఎస్ఐకి దించి చూడు, అదే బండి వేరే బండిలా నడుస్తుంది. తిరిగి నింపుకోవడానికి కంప్రెసర్ దగ్గరుంచుకో, తారు ఎక్కగానే నింపాలి. పొడి తారు మీద ఫోర్ వీల్ కూడా తీసేయాలి. నీ దాంట్లో ముందు వెనక చక్రాల వేగం తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు, మలుపుల్లో ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి పీక్కుంటాయి.

వంగినఛాసిస్:
నా పేరు చూస్తే విషయం అర్థమైపోయుంటుంది. ఎయిర్ బ్యాగులు అన్నావు కాబట్టి రాస్తున్నా.

నేనూ నీలాగే బంపర్, వించ్, టెంట్, వెనక డ్రాయర్లు, రెండు స్పేర్ చక్రాలు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఎక్కించాను. తోక కుంగిందని ఎయిర్ బ్యాగులు పెట్టించి గాలి కొట్టాను. బండి మళ్ళీ నిటారుగా నిలబడింది, చాలా సంతోషపడ్డాను. ఒక ట్రిప్ నుంచి వచ్చాక కడుగుతుంటే క్యాబ్‌కీ వెనక తొట్టికీ మధ్య సందు తేడాగా అనిపించింది. పైన రెండు వేళ్ళు దూరుతున్నాయి, కింద స్పాంజి కూడా పట్టట్లేదు. పడుకుని చూస్తే యాక్సిల్ పైభాగంలో ఛాసిస్ రేకు ముడత పడి పెయింట్ పెచ్చులూడింది.

లీఫ్ స్ప్రింగ్ బరువుని ఛాసిస్ మీద రెండు చోట్ల, ముందు కొనన ఒకసారి, వెనక కొనన ఒకసారి పంచుతుంది. బ్యాగు ఆ బరువులో పెద్ద వాటా తెచ్చి నడుమ ఒక్కచోట పొడుస్తుంది. యాక్సిల్‌కి వెనకాల వేలాడే బరువు తోకని కిందకి లాగుతుంది. గుంతలో పడిన ప్రతిసారీ ఛాసిస్‌ని మోకాలికేసి కట్టె విరిచినట్టే. బరువు ఎక్కువైతే గట్టి లీఫులు వేయించు, అసలు బరువే తగ్గిస్తే ఇంకా మంచిది. సామానూ మనుషులూ ఫుల్ ట్యాంకుతో ఒకసారి కాటా మీద పెట్టి చూడు. నాది పెట్టిస్తే కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు మీద 310 కిలోలు ఎక్కువ వచ్చింది. స్ప్రింగులు మార్చినంత మాత్రాన ఆ పరిమితి పెరగదని కూడా గుర్తుంచుకో.

పాతడీజిల్:
రీమ్యాప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 1,40,000 తిరిగిన పాత క్లచ్ మీద టార్క్ పెంచితే ముందు క్లచ్చే జారుతుంది. డీజిల్ ఎక్కువ పోస్తే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఎత్తు మీద బరువుతో లాగేటప్పుడు అది టర్బోకి చేటు. డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) పీకేస్తానని ఎవడైనా అంటే అక్కణ్ణుంచి వచ్చేయ్, చాలా దేశాల్లో అది నేరం. నీది రోజూ ఆఫీసు బండి కదా, చిన్న చిన్న దూరాలతో డీపీఎఫ్ మసి కాల్చుకోలేక పూడుకుపోతుంది. వారానికోసారి అరగంట హైవే మీద తోలు, సగం గొడవ పోతుంది.

కొత్తబురద:
అన్నా, నిన్న విప్పాను. ఫిల్లర్ ముందు (దండం). వెనక డిఫరెన్షియల్ ఆయిల్ శుభ్రంగానే ఉంది. ముందుది అచ్చం మీరు చెప్పిన కాఫీయే, బ్రీదర్ గొట్టం ఊడి గాల్లో వేలాడుతోంది. క్లిప్ వేసి గొట్టం పొడిగించి ఇంజిన్ గదిలో పైకి కట్టాను. ఆయిల్ పోసి కాస్త తోలి మళ్ళీ మార్చాను, రెండోసారి రంగు బాగానే వచ్చింది. టైర్లు 265/70 చెప్పేశాను. లిఫ్ట్ సంగతి బండిని కాటా ఎక్కించాకే. ఎయిర్ బ్యాగులు లిస్టులోంచి కొట్టేశా. ఒక్క డౌటు, ముందు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద నల్లటి ముద్ద ఉంది, అది మామూలేనా?

పాతడీజిల్:
వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడు. గ్రీజులా మెత్తగా ఉంటే మామూలే, తుడిచి బిగించెయ్. గోటికి గుచ్చుకునే ముక్క తగిలితే బిగించకుండా ఇక్కడ ఫొటో పెట్టు.