హారర్ ఎస్కేప్ రూమ్‌కి వెళ్లేముందు ఏమేం చూసుకోవాలి? చెల్లికి ఆస్తమా ఉంది

మెహదీపట్నం_అమ్మాయి:
వచ్చే శనివారం మా చెల్లి పుట్టినరోజు, కజిన్స్ అందరం కలిసి ఆరుగురం, ఇక్కడే హైదరాబాద్‌లో ఒక హారర్ ఎస్కేప్ రూమ్ బుక్ చేద్దామంటున్నారు, అదే, గదిలో పెట్టి తలుపేస్తే పజిల్స్ విప్పుకుంటూ బయటపడే ఆట. మామూలు పజిల్ రూమ్ ఆఫీసు వాళ్లతో ఒకసారి ఆడాను, బాగుంది. ఇది వేరేట, కళ్లకి గంతలు కట్టి లోపలికి తీసుకెళ్తారట, చేతులకి బేడీలేస్తారట, మధ్యలో దయ్యం వేషం వేసుకున్న మనిషొకడు వచ్చి పట్టుకుంటాడట. చెల్లి ఇన్‌హేలర్ వాడుతుంది. మా పెద్దమ్మ కూతురు అక్కకి ఇరుకుగా ఉంటే చాలు, లిఫ్ట్‌లో కూడా చెమటలు పట్టేస్తాయి, కానీ అందరి ముందు రానంటే బాగోదని ఊరుకుంది, ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. ఆ రూమ్ వాళ్లకి ఫోన్ చేసి అడిగితే "ఏం కాదు మేడమ్, అందరూ వస్తారు, భయపడితేనే కదా మజా" అన్నాడు. నాకది చాల్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాత_గేమ్‌మాస్టర్:
అక్కా, నేను రెండేళ్లు గేమ్ మాస్టర్‌గా చేశాను, అంటే బయట కూర్చుని ఆడేవాళ్లని కెమెరాలో చూస్తూ ఆట నడిపించే పని. ముందు తలుపు చూడండి, మిగతావన్నీ తర్వాత. చాలాచోట్ల తలుపు పైన కరెంటు మాగ్నెట్ లాక్ ఉంటుంది, దానికి కరెంటు ఆగితే పట్టు వదిలేస్తుంది, తోస్తే తలుపు వచ్చేస్తుంది. లోపల తలుపు పక్కనే ఒక ఎగ్జిట్ బటన్ ఉండాలి, నొక్కగానే టక్కుమని వదలాలి. నేను చేసినచోట ఆ బటన్ మీద నల్ల టేపు వేసేశారు, ఆడేవాళ్లు పొరపాటున నొక్కి ఆట చెడగొడుతున్నారని. నేను టేపు పీకితే మర్నాటికి మళ్లీ ఉండేది, ఓనర్‌తో గొడవపడి మానేశాను. అందుకే లైట్లు వేసి ఉన్నప్పుడు వెళ్లి నొక్కి చూపించమనండి. బయట గొళ్లెం పెట్టి తాళం వేసే రూమ్ అయితే అసలు వద్దు. బేడీలకి తాళంచెవి లేకుండా ఊడొచ్చే చిన్న మీట ఉండాలి. పొగ మెషిన్ వాడతారా, చెల్లి కోసం ఆపుతారా అని అడగండి, ఇన్‌హేలర్ లాకర్లో కాదు, తన జేబులోనే ఉండాలి. ఇంకో విషయం, ఆ పొగకి ఫైర్ అలారం మోగుతోందని కొంతమంది దాన్ని ఆపేస్తారు, అది కూడా అడగండి.

వార్సా_నుంచి:
నేను పోలండ్‌లో మాస్టర్స్ చేస్తున్నా. ఇక్కడ కొషాలిన్ అనే ఊళ్లో 2019 జనవరి 4న ఎస్కేప్ రూమ్‌లో మంటలొచ్చి ఐదుగురు ఆడపిల్లలు చనిపోయారు, అందరికీ 15 ఏళ్లే, వాళ్లు వెళ్లింది కూడా పుట్టినరోజుకే. రూమ్ పక్కన గ్యాస్ లీకై అంటుకుంది, ఉన్న ఒక్క దారి మంటలతో మూసుకుపోయింది, పిల్లలు కార్బన్ మోనాక్సైడ్‌కే పోయారు. ఆ తర్వాత దేశమంతా తనిఖీలు చేసి చాలా వాటిని మూయించారు. మన దగ్గర 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ తగలబడ్డప్పుడు కూడా ఫైర్ ఎన్‌ఓసీ (ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతి పత్రం) లేకుండానే నడుస్తోందని తేలింది కదా. ఎన్‌ఓసీ ఉందా, రెండో దారి ఎటు, ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి, ప్లీజ్.

రాత్రి_రైలు:
ఆ పట్టుకునే మనిషి గురించి ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లినచోట చీకట్లో ఒకతను నా కాలు పట్టి లాగాడు, ముందు ఒక్క మాట చెప్పలేదు, గేమ్ అయ్యాక అడిగితే "అది థీమ్‌లో భాగం" అన్నారు. నేను వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ముట్టుకోకూడదు అని ముందే చెప్పండి, వాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి. ఆపమంటే వెంటనే లైట్లు వేసి బయటికి తెచ్చే ఒక మాట అనుకోండి, ఎందుకంటే అక్కడ "వద్దు వద్దు" అని అరిస్తే ఆటలో అరుస్తున్నారనుకుంటారు. మీలో ఎవరికైనా ఫిట్స్ ఉంటే టపటపా కొట్టుకునే లైట్లున్న రూమ్ వద్దు. మీ అక్కని మాత్రం బలవంతపెట్టొద్దు.

మెహదీపట్నం_అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న వెళ్లి చూశాను. బటన్ పనిచేసింది, కానీ మూడో అంతస్తు, కిటికీలన్నిటికీ ప్లైవుడ్ కొట్టేశారు, ఉన్నవి ఒక్కటే మెట్లు, వాటి మీద మనిషి పక్కకి తిరిగి దిగాల్సినంతగా ఖాళీ వాటర్ క్యాన్లు. ఎన్‌ఓసీ అడిగితే ఓనర్ దగ్గరుంది అన్నారు. బుక్ చేయలేదు. ఇంకోచోట గ్రౌండ్ ఫ్లోర్‌లో దొరికింది, రెండు తలుపులు, పొగ ఆపేస్తామన్నారు, ఎవరినీ ముట్టుకోరట. కావాలంటే ఒకరు బయట గేమ్ మాస్టర్ పక్కన కూర్చుని కెమెరాలో చూస్తూ క్లూలు ఇవ్వొచ్చట. అక్కకి ఫోన్ చేసి చెప్తే "అయితే నేనే కూర్చుంటానే" అంది, ఎంత హాయిగా అందో.