15,000 లోపు గేరు సైకిలు: డిస్కు బ్రేకులా, రబ్బరు బ్రేకులా?

కొత్తచక్రం: మాది మదనపల్లె. వయసు 44, బరువు 88 కిలోలు. కాలేజీ వదిలాక సైకిలెక్కలేదు. రోజూ ఉదయం పది కిలోమీటర్లు, ఆదివారాలు చెరువుకట్టలు, పొలాల మట్టిబాటలు తిరగాలని ఉంది. ఏడాదికి ఒక్కసారైనా హార్సిలీ హిల్స్ ఎక్కాలని కోరిక. 15,000 దాటి పెట్టలేను. కొట్టులో రెండు నచ్చాయి. ఒకటి ఇనుప ఫ్రేము, ముందూ వెనకా స్ప్రింగులు, డిస్కు బ్రేకులు, 21 గేర్లు, 13,500. రెండోది అల్యూమినియం ఫ్రేము, స్ప్రింగులు లేవు, రబ్బరు బ్రేకులు, 7 గేర్లు, 14,800. ఏది తీసుకోమంటారు?

రిమ్ముబెండు: రెండోదే. ఈ ధరలో సస్పెన్షన్ అంటే గొట్టంలో ఒక ఉక్కు స్ప్రింగు. ఖరీదైన వాటిలో దాన్ని అదుపు చేసే నూనె ఉంటుంది, ఇందులో ఉండదు. గుంతలో దిగితే నొక్కుకుంటుంది, వెంటనే ఎగదన్నుతుంది. నిలబడి తొక్కితే మీ బలంలో కొంత స్ప్రింగుకే పోతుంది. వెనక స్ప్రింగు మరీ చేటు. ఫ్రేము కదిలే చోట బుష్‌లు అరిగి కిర్రుమంటాయి. మట్టిబాటకు లావు టైర్లు చాలు, గాలి కాస్త తగ్గించి తొక్కండి.

గాలిబండ: స్ప్రింగుల మాట ఒప్పుకుంటాను, బ్రేకుల మాట ఒప్పుకోను. 2019లో వానలో ఘాటు రోడ్డు దిగుతున్నాను. తడిసిన రిమ్మును రబ్బరు వెంటనే పట్టదు, ముందు నీళ్లు తుడుచుకుపోవాలి. ఈలోగా మలుపు వచ్చేసింది. కల్వర్టు గోడకు కొట్టుకుని మెడ కింద ఎముక విరిగింది. కొండ ఎక్కుతానంటున్న మనిషికి రబ్బరు బ్రేకులు కొనమని చెప్పకండి.

చెరువుకట్ట: ఏది కొన్నా సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి.

రిమ్ముబెండు: గాలిబండ గారూ, ఆ రోజు మీ బ్రేకు రబ్బర్లు ఎంత అరిగి ఉన్నాయి? గట్టిపడిపోయిన రబ్బర్లతో వానలో దిగితే ఏ సైకిలైనా అంతే.

గాలిబండ: నా బ్రేకులు మీరు చూశారా? నెల ముందే మార్చాను. మూడు నెలలు ఎడమ చెయ్యి పైకి లేవలేదు. దాన్ని నా నిర్లక్ష్యంగా తేల్చేస్తున్నారు.

రిమ్ముబెండు: నిర్లక్ష్యం అనలేదు, అడిగాను. నాకూ అనుభవం ఉంది. మా అబ్బాయికి డిస్కుల సైకిలు కొన్నాను. బస్సు పైన వేసినప్పుడు వెనక డిస్కు పళ్లెం వంగింది. మా ఊళ్లో ముగ్గురు మెకానిక్‌లు ఉన్నారు, ముగ్గురూ చూసి చేతులెత్తేశారు. కొన్న చోటికి 60 కిలోమీటర్లు తీసుకెళ్లాను. సామాను వస్తుందంటూ నలభై రోజులు తిప్పారు. ఆ వేసవి సెలవులు అలాగే పోయాయి. వాడు మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

గాలిబండ: కొద్దిగా వంగిన పళ్లెం శుభ్రమైన గుడ్డతో పట్టుకుని చేత్తోనే సరిచేయవచ్చు. తీగతో లాగే డిస్కు బ్రేకును సర్దడానికి చాలా వాటికి 5 ఎంఎం ఆలెన్ కీ చాలు. నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

రిమ్ముబెండు: మీకు ఒక పూట. అందరూ మీలా పనిముట్ల పెట్టె పెట్టుకుని కూర్చోరు.

మూడోపళ్లు: ఇద్దరూ బ్రేకుల దగ్గరే ఆగిపోయారు. కొత్తచక్రం గారు 88 కిలోలతో ఘాటు ఎక్కాలంటున్నారు. ఆ 7 గేర్ల సైకిలుకు చెయిను తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి ఎన్ని పళ్లు, వెనక పెద్దదానికి ఎన్ని పళ్లు? ఎవరూ అడగలేదు.

గాలిబండ: అది తరువాత. రిమ్ముబెండు గారు ఏ చర్చలోనైనా ఇదే చెబుతారు. సామాన్యుడికి సాదా సైకిలు చాలని. మా నాన్న పాలక్యాన్లు మోసిన సైకిలు మీదే నేను డిగ్రీ చదివాను. దాన్ని తక్కువ చేయను. కానీ కొండ ఎక్కాలనే కోరిక చిన్న ఊరి మనిషికి ఉండకూడదా? మెకానిక్‌కు రాదు కాబట్టి నువ్వు కొనకు అంటే, ఆ మెకానిక్ ఎప్పుడు నేర్చుకుంటాడు?

రిమ్ముబెండు: ఇప్పుడు అసలు మాటకు వచ్చారు. నేను పాతది కొనమనడం లేదు, ఊళ్లో బాగుచేయగలిగేది కొనమంటున్నాను. 15,000 కొందరికి నెల జీతం. మెకానిక్ నేర్చుకునేదాకా ఆ డబ్బు మేడ మీద తుప్పు పట్టాలా? మా అబ్బాయి సైకిలు అక్కడే ఉంది. నేను రోజూ చూస్తున్నాను.

గాలిబండ: మీ బాధ అర్థమైంది. నా భుజం కూడా మీకు అర్థం కావాలి.

ఏటిగట్టు: ముందు డిస్కు, వెనక రబ్బరు బ్రేకు ఉన్న రకాలు కూడా ఉంటాయి. అడిగి చూడండి.

కొత్తచక్రం: కొట్టుకు మళ్లీ వెళ్లి పళ్లు లెక్కపెట్టాను. స్ప్రింగుల సైకిలుకు ముందు చిన్న పళ్లచక్రం 28, వెనక పెద్దది 28. రెండోదానికి ముందు ఒకటే, 42; వెనక 28.

మూడోపళ్లు: అయితే మొదటిదానిలో పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం ఒక చుట్టు. రెండోదానిలో ఒకటిన్నర. ఘాటు మీద ఆ అర చుట్టే మోకాళ్లను తినేస్తుంది. రోజూ కట్ట మీద తిరగడానికైతే తేడా తెలియదు.

రిమ్ముబెండు: ఇది నేను చూసి ఉండాల్సింది. అయినా వెనక స్ప్రింగు వద్దనే మాట మార్చను. స్ప్రింగులు లేకుండా ముందు మూడు పళ్లచక్రాలున్న రకం అడగండి. దొరికేదాకా ఆగండి.

కొత్తచక్రం: అడిగాను. వెనక స్ప్రింగు లేనిది, 21 గేర్లు, రబ్బరు బ్రేకులు, వచ్చే వారం వస్తుందట. ముందు మాత్రం స్ప్రింగు ఉంటుందట. ధర 14,200. గాలిబండ గారూ, దీనికి తరువాత ముందు డిస్కు పెట్టించుకోవచ్చా?

గాలిబండ: ముందు ఫోర్కుకు ఎడమవైపు కింద బ్రేకు బిగించే రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే కుదరదు. ఉన్నా, నడుమ పళ్లెం బిగించే హబ్బు ఉన్న వేరే చక్రం కావాలి, ఆ ఖర్చు వేరు. అప్పటిదాకా వానలో ఘాటు దిగకండి. వెళ్లే రోజు చెప్పండి, నేనూ వస్తాను.