హల్లు కలవని ప్రాస: ‘లీజన్’ ఆల్బమ్ విన్నాక ఒక ప్రశ్న

జపాన్ హిప్‌హాప్ జంట క్రీపీ నట్స్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘లీజన్’ ఆల్బమ్ వింటున్నాను. అందులోని ‘బ్లింగ్-బ్యాంగ్-బ్యాంగ్-బోర్న్’, ‘ఒతోనోకె’ యానిమే చూసే పిల్లలున్న ఇళ్లలో ఈపాటికే మోగి ఉంటాయి. పరుగులు తీసే ఆ ‘జెర్సీ క్లబ్’ అనే డాన్స్ సంగీతపు దరువుకు ఏకబిగిన వింటే కాస్త అలసట వస్తుంది, అది వేరే సంగతి. నాకు జపనీస్ రాదు. అయినా ఈ జంటలోని ర్యాపర్ ఆర్-షితెయి ర్యాప్‌లో మాటకూ మాటకూ ముడి ఎక్కడ పడుతోందో చెవికి తెలుస్తోంది. సాహిత్యాన్ని రోమన్ లిపిలో చూస్తే ఆ చోట్ల హల్లులు చాలావరకు కలవడం లేదు. దీన్ని ప్రాస అనవచ్చా?

—

అనవచ్చు. మన ప్రాసను తిరగేస్తే వచ్చేది అదే.

జపనీస్‌లో అచ్చులు ఐదే. మాటలు అచ్చుతోనో ‘న్’తోనో ముగుస్తాయి, క్రియ వాక్యం చివర వస్తుంది. కాబట్టి పాదాంతంలో ఒక్క అచ్చు కలపడానికి ప్రతిభ అక్కర్లేదు. ర్యాపర్లు మాటలోని అచ్చుల వరుస మొత్తాన్ని కలుపుతారు. ‘కగమి’ అంటే అద్దం, ‘హనబి’ అంటే బాణసంచా. హల్లులు వేరు, అచ్చులు రెంటిలోనూ అ-అ-ఇ. ఆర్-షితెయి ఇలాంటి వరుసలను ఆశువుగా అల్లగలడు. యూఎంబీ అనే ర్యాప్ పోటీలో 2012 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచింది ఆ బలంతోనే.

మన కందంలోనూ వృత్తాల్లోనూ రెండో అక్షరంలో హల్లు మారకూడదు, అచ్చు ఏదైనా ఫరవాలేదు. ‘కనులు’, ‘వినికి’, ‘మనసు’ ప్రాసకు చక్కగా సరిపోతాయి. జపాన్ ర్యాపర్ చెవికి వీటిలో ప్రాసే లేదు!

—

మాస్టారూ, మనదీ అజంత భాషే, అంటే మాటలు అచ్చుతో ముగిసేదే, మన క్రియా చివరే వస్తుంది. మరి మన ర్యాపర్లు అచ్చుల వరుస ఎందుకు పట్టుకోరు?

—

‘వచ్చింది’, ‘నవ్వింది’ అని వ్యాకరణమే అంత్యప్రాసను ఉచితంగా ఇస్తోంది కదండీ. చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు. ద్విత్వాక్షరాలు, దీర్ఘాలు ఇన్ని ఉన్న భాషలో అచ్చుల వరుసకు రెండో అక్షరం ప్రాస కూడా తోడైతే ర్యాప్ ఎంత బిగువుగా ఉంటుందో ఎవరైనా రాసి చూడాలి.

—

రెండో అక్షరం ప్రాస పద్యంలో పాదం మొదట పడుతుంది. ర్యాప్‌లో చెవి దరువు చివర కాచుకుని ఉంటుంది. అంత వేగంలో మొదటిది వినబడుతుందంటారా? నాకు అనుమానమే.